అలంకార తుంగలు

తుంగ కుటుంబమైన సైపరేసికి చెందిన కొన్ని మొక్కలను కొలనుల అంచులలోను, చిత్తడి తోటలలోను అందం కొరకు పెంచుతారు. వీటిని గడ్డిజాతులని పొరబడడం సామాన్యం. గడ్డి కాండం గుండ్రంగా, కణుపుల మధ్య బోలుగా ఉంటుంది. తుంగ కాడ సాధారణంగా మూడు పలకలుగా, లోపల నిండుగా ఉంటుంది.

భారతదేశంలోని తోటలలో తరచుగా కనిపించేది ఆఫ్రికాకు చెందిన సైపరస్ ఇన్వొల్యూక్రేటస్. నర్సరీలలో దీనినే సైపరస్ ఆల్టర్నిఫోలియస్ అనే పేరుతో అమ్ముతుంటారు. నిజానికి ఆ పేరు మడగాస్కర్‌కు చెందిన వేరొక జాతిది. కాడ చివర పుచ్ఛాలు గొడుగు చువ్వల వలె విచ్చుకొని ఉంటాయి. పాపిరస్ (సైపరస్ పాపిరస్) ఇంకా పెద్దది, 4 మీటర్లకు మించి పెరుగుతుంది. ప్రాచీన ఈజిప్టువారు దీని కాడలోని దవ్వను చీల్చి, అతికి వ్రాతపత్రాలు తయారుచేసేవారు. ఇది మంచుకు తట్టుకోలేదు. బ్రిటన్ వంటి చలి దేశాల కొలనులకు పసుపు ఆకుల కేరెక్స్ ఎలాటా రకం తగినది.

గొడుగు తుంగను ప్రవర్ధనం చేసే పద్ధతి విచిత్రమైనది. కాడతో సహా గొడుగును కోసి, పుచ్ఛాలను సగానికి కత్తిరించి, తలక్రిందులుగా నీటిలో తేలవేస్తారు. కొన్ని వారాలలో పుచ్ఛాల మొదళ్ళ నుండి వేళ్ళు, పిలకలు వస్తాయి. పాపిరస్‌ను మాత్రం దుంపకొమ్ములను విడదీసి నాటడమే మేలు.

బంకమట్టి నింపిన కుండీలో నాటి, మట్టిపై కొద్ది సెంటీమీటర్ల నీరు నిలిచేలా ఉంచాలి. చేపలున్న కొలనులో మట్టిపై గులకరాళ్ళు పరిస్తే నీరు బురద కాదు. నేరుగా నేలలో నాటడం మంచిది కాదు. గొడుగు తుంగ ఆస్ట్రేలియాలో తోటలను దాటి వాగుల వెంబడి కలుపుగా వ్యాపించింది. కనుక గింజ రాలకముందే పూగుత్తులను కోయాలి, తీసివేసిన దుబ్బులను కాలువలలో పారవేయరాదు.