అడవి పందికి గురి కాదు, కంచె కావాలి

వేరుశెనగలో ఊడ దిగి కాయ ఊరే వేళకి, మొక్కజొన్న కంకి పాలు పోసుకునే వేళకి శృంగవరపుకోట చుట్టుపక్కల కొండ వార రైతుకి కంటి మీద కునుకు ఉండదు. అనంతగిరి కొండల మీంచి గెడ్డల వెంబడి అడవి పందులు మందగా దిగుతాయి. తినేది కొంతే, తొక్కి, ముట్టెతో కుళ్ళగించి పాడుచేసేది ఎక్కువ. మూడు నెలల కష్టం ఒక్క రాత్రిలో పోతుంది.

ఈమధ్య పల్లెల్లో ఎక్కడ టీ బడ్డీ దగ్గర కూర్చున్నా కుర్రాళ్ళు ఒకే మాట అడుగుతున్నారు. "ఏటి బాబూ, ఓ తుపాకీ, దాని మీద దుర్భిణీ ఉంటే సాలదేటి? ఏ దుర్భిణి మంచిదో సెప్పండి" అని. అడగడంలో తప్పు లేదు. పంట పోయినవాడి కడుపుమంట అది. కానీ ఆ డబ్బు దుర్భిణికి పెట్టే ముందు రైతు సోదరులు కొన్ని సంగతులు తెలుసుకోవాలి.

దుర్భిణి మనకి ఎందుకు అక్కరకు రాదు

తుపాకీ దుర్భిణి దూరంగా ఉన్నదాన్ని దగ్గరగా చూపిస్తుంది. అందులోని అడ్డగీత, నిలువుగీత కలిసే చోట గురి కుదురుతుంది. తూటా తిన్నగా పోయే తుపాకీకే అది ఉపయోగం. గొట్టం లోపల మెలి గాడులు ఉన్న రైఫిలుకి తూటా గిర్రున తిరుగుతూ తిన్నగా పోతుంది. గొట్టం నున్నగా ఉండే తుపాకీకి ఆ నిలకడ ఉండదు.

1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్‌లో పంట రక్షణకు లైసెన్సు సంగతి ఉంది. అక్కడ చెప్పింది గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే తుపాకీ గురించి. రైఫిలు గురించి కాదు. అలాంటి తుపాకీ మీద వేల రూపాయల దుర్భిణి బిగించినా గురి పెరగదు. పైగా పంది వచ్చేది చీకట్లో. మామూలు దుర్భిణి చీకట్లో వెలుగు పుట్టించదు. అద్దంలో నల్లగా కదిలింది పందో, మదుము తీయడానికి వచ్చిన పక్క రైతో తెలియదు. తూటా వదిలాక వెనక్కి పిలవలేం.

చట్టం ఏమంటోంది

అడవి పందిని మన ఇష్టానికి చంపడానికి లేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. 2022లో చట్టాన్ని సవరించారు. అది 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అప్పటి నుంచి అడవి పంది రెండో షెడ్యూల్లో ఉంది. వేటాడితే మూడేళ్ళ వరకు జైలు పడవచ్చు. లైసెన్సు అక్కర్లేని చిన్నపాటి గాలి తుపాకీ అయినా, ఉచ్చు అయినా, నాటు బాంబు అయినా ఈ చట్టానికి వేట వేటే.

నిలిచిన పంటకు ప్రమాదంగా మారిన జంతువు విషయంలో అదే చట్టం 11వ సెక్షన్ కింద రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి సంరక్షణాధికారి గానీ, ఆయన అధికారమిచ్చిన అధికారి గానీ రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ కాగితం చేతిలో లేనిదే ఎవరూ తుపాకీ ఎత్తకూడదు. బీహారులో 2015లో, ఉత్తరాఖండ్‌లో 2016లో కొన్ని ప్రాంతాలకు, కొంత గడువుకు అడవి పందిని హానికర జంతువుగా కేంద్రం ప్రకటించింది. ఆ మాట విని మనకూ వర్తిస్తుందనుకుంటే చిక్కుల్లో పడతాం.

ఇంటి కరెంటు తీగ పంట కాపాడదు, ప్రాణం తీస్తుంది

తుపాకీ లేనివారు చేసే మరో పని స్తంభం మీద కొక్కెం వేసి, పొలం చుట్టూ బోడి తీగ కట్టి కరెంటు వదలడం. ఇది తుపాకీ కన్నా ప్రమాదం. తుపాకీ పట్టినవాడు ఒక్కసారైనా చూసి కాలుస్తాడు. తీగకి కళ్ళు లేవు. తెల్లవారుజామున నీరు కట్టడానికి వెళ్ళిన రైతు, పశువుల వెనక వెళ్ళిన పిల్లాడు, ఒక్కోసారి తీగ కట్టినవాడి ఇంట్లో మనిషే బలైపోతున్న వార్తలు పత్రికల్లో చూస్తూనే ఉన్నాం. కొక్కెం వేయడం 2003 విద్యుత్ చట్టం ప్రకారం దొంగతనం. మనిషి పోతే దాని మీద వేరే కేసు. అన్నిటికన్నా, పోయిన మనిషి తిరిగి రాడు.

ఇంటి కరెంటు 230 వోల్టులే అయినా తెంపు లేకుండా పారుతుంది. కండరాలు బిగుసుకుపోయి, పట్టుకున్న చెయ్యి వదలదు. అందుకే చంపుతుంది.

సోలార్ కంచె పనిచేసే తీరు

సోలార్ కంచె మిషనుని కొందరు ఝట్కా మిషను అంటారు. దాని తీగలో వేల వోల్టులు ఉంటాయి. అయినా ఒక్కో దెబ్బ సెకనులో నూరో వంతుకి మించి ఉండదు. దెబ్బకీ దెబ్బకీ మధ్య సెకను తెరిపి ఉంటుంది. ఆ తెరిపిలో తగిలిన జీవి తప్పుకుంటుంది. గట్టిగా చురుక్కుమంటుంది, భయం పడుతుంది. ప్రమాణాల ప్రకారం చేసి, సరిగా కట్టిన కంచెలో ప్రాణాపాయం బాగా తక్కువ.

పందికి చూపు తక్కువ, వాసన ఎక్కువ. తడి ముట్టెతో ముందు వాసన చూసి అడుగు వేస్తుంది. ఆ తడి ముట్టెకి తీగ తగిలితే దెబ్బ సూటిగా పడుతుంది. ఒకసారి తిన్న పంది ఆ గట్టు దగ్గరకు రావడానికి జంకుతుంది.

మిషను కొనే ముందు చూడవలసినవి

1. ప్రమాణం: మిషను మీద బిళ్ళ చదవండి. కంచె మిషన్ల భద్రతకు ఐ.ఎస్. 302, రెండో భాగం, 76వ విభాగం అనే భారతీయ ప్రమాణం ఉంది. ఆ మాట గానీ, తయారీదారు పేరు గానీ లేని పెట్టె ఎంత చవకైనా వద్దు. తెలిసిన మెకానిక్కు ఇన్వర్టరుతో చేసిచ్చేది అసలే వద్దు.

2. దెబ్బ బలం: దీన్ని జౌళ్ళలో చెబుతారు. బయటకు వచ్చే దెబ్బ 5 జౌళ్ళు దాటకూడదు. కిలోమీటరు లోపు చుట్టుకొలతకు ఒకటి రెండు జౌళ్ళది మామూలుగా సరిపోతుంది. 'ఎక్కువ జౌళ్ళు ఉంటే ఎక్కువ మంచిది' అనే దుకాణదారు మాట నమ్మవద్దు.

3. బ్యాటరీ, పలక: వానాకాలంలో మూడు నాలుగు రోజులు మబ్బు పట్టినా రాత్రంతా నడుస్తుందా అని అడగండి. సోలార్ పలక దక్షిణం వైపు, చెట్టు నీడ పడని చోట ఉండాలి.

4. కొలిచే పరికరం: తీగలో ఎన్ని వోల్టులున్నాయో చూపే టెస్టరు మిషనుతో పాటే తీసుకోండి. మిషనుకు దూరంగా ఉన్న చివర కూడా 4 వేల వోల్టుల దాకా ఉండాలి. తీగ తెగితే మోగే సైరను ఉంటే మరీ మంచిది.

5. బిల్లు, గ్యారంటీ: పాడైతే బాగుచేసేవారు విజయనగరంలోనో విశాఖలోనో ఉన్నారో లేదో ముందే తెలుసుకోండి. పంట కాలంలో వారం రోజులు మిషను ఆగితే కొన్నా కొననట్టే.

కట్టే పద్ధతి

మొదటి తీగ నేలకు జానెడు ఎత్తున, రెండోది మూరెడు, మూడోది మూరన్నర ఎత్తున ఉండాలి. జీఐ తీగ వాడాలి. ముళ్ళ తీగకి ఈ దెబ్బ పెట్టకూడదు, చిక్కుకున్న జీవి వదిలించుకోలేదు. గుంజలకు తీగను నేరుగా చుట్టకండి, సైకిలు ట్యూబు ముక్కలూ వద్దు. వానకి దెబ్బ నేలలోకి పోతుంది. ఇన్సులేటర్లే వాడండి.

చాలామంది ఎర్తు దగ్గర పొరపాటు చేస్తారు. దెబ్బ పంది ఒంట్లోంచి నేలలోకి దిగి, ఎర్తు కడ్డీ ద్వారా మిషనుకు తిరిగి వస్తేనే షాకు. మన గరువు నేలలు ఎండితే గట్టిపడిపోయి, అది తిరిగి రాదు. కనీసం మూడు కడ్డీలు, ఒక్కోటి మీటరుకు తగ్గకుండా, మూడేసి మీటర్ల దూరంలో, చెమ్మ ఉండే చోట దిగగొట్టాలి. మోటారు ఎర్తుకీ, ఇంటి ఎర్తుకీ వీటిని కలపకూడదు. వాటికి పది మీటర్లు ఎడంగా ఉండాలి.

కాయ పట్టడానికి పదిహేను రోజుల ముందే కంచె పూర్తి కావాలి. మొదటి రాత్రి నుంచీ మిషను నడవాలి. ఉత్త తీగ దాటి ఒకసారి కాయ రుచి చూసిన పంది తరవాత దెబ్బకి కూడా తెగిస్తుంది. తీగకి గడ్డి తగిలితే బలం తగ్గిపోతుంది కాబట్టి వారానికోసారి కొడవలితో కోయాలి. దారి వైపు పసుపు రంగు హెచ్చరిక పలకలు కట్టడం మన బాధ్యత.

పదిమంది కలిస్తే ఖర్చు మూడో వంతు

ఎకరం చదరపు చెక్క చుట్టుకొలత సుమారు 255 మీటర్లు. మూడు వరసలకు 765 మీటర్ల తీగ కావాలి. ఒకే పట్టున ఉన్న పది ఎకరాల చుట్టూ అయితే 805 మీటర్లే. అంటే ఎకరానికి 80 మీటర్లు పడుతుంది. మిషను, బ్యాటరీ, పలక కూడా ఒక్కటే చాలు. సన్నకారు రైతు ఒంటరిగా మోయలేని ఖర్చు, గట్టు గట్టుకీ తగవు మాని కలిస్తే మోయగలడు. గడ్డి కోసే వంతు, టెస్టరు పట్టే వంతు ముందే రాసుకోండి.

అంత స్తోమత లేకపోతే

మొక్కజొన్న చుట్టూ నాలుగు వరసల ఆముదం దట్టంగా వేయవచ్చు. గుడ్డు సొనను లీటరు నీటికి 20 మిల్లీలీటర్ల చొప్పున కలిపి గట్ల మీద చల్లితే ఆ వాసనకు కొంత వెనకాడతాయి. పాత చీరలు కట్టడం, మంచె మీద కాపలా, డప్పు మన తాతల నాటివే. కానీ ఏ ఒక్కటీ పంట కాలమంతా పనిచేయదు. పందులు అలవాటు పడతాయి, మార్చి మార్చి వాడాలి. గతంలో ఫోరేట్ గుళికలు మూట కట్టి వేలాడదీసేవారు. ఆ మందు 2020 చివరి నుంచి దేశంలో నిషేధం. పాత డబ్బా ఇంట్లో ఉన్నా వాడకండి.

ఇన్ని చేసినా పంట పోతే ఆ రోజే ఫోటోలు తీసి ఉంచండి. అడవి జంతువుల వల్ల జరిగే నష్టాన్ని 2026 ఖరీఫ్ నుంచి ఫసల్ బీమాలో చేర్చనున్నట్టు కేంద్రం 2025 నవంబరులో ప్రకటించింది. 72 గంటల్లో తెలియజేయాలన్నది అందులో షరతు. మన జిల్లాలో ఏ పంటకు, ఏ జంతువుకు వర్తిస్తుందో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి. పందుల బెడద మరీ ఎక్కువగా ఉంటే ఊరంతా సంతకాలు చేసి అటవీ రేంజి కార్యాలయంలో అర్జీ ఇవ్వండి. నోటిమాట కన్నా కాగితానికి విలువ.

ఇక దుర్భిణి అడిగిన కుర్రాళ్ళకు ఒక్క మాట. ఆ డబ్బుతో ఓ మంచి టార్చి లైటు, ఓ టెస్టరు కొనండి. సాయంత్రం మిషను వేశాక చివరి గుంజ దాకా నడిచి వోల్టులు చూసి రండి. మీ పంటా నిలుస్తుంది, రేపు తెల్లారి ఆ గట్టు మీద నడిచేవాడి ప్రాణమూ నిలుస్తుంది.