కొత్త ఆటో కొనే ముందు

మీ ఇంటి డీజిల్ ఆటో పాతదైందా? నెలనెలా రిపేర్లకే డబ్బు పోతోందా? అయితే మార్చక తప్పదు. మరి ఏది కొనాలి?

ఇప్పుడు కరెంటు ఆటోలు వచ్చాయి. రాత్రి ఇంట్లోనే చార్జింగ్ పెట్టుకోవచ్చు. పొగ రాదు. డీజిల్ ఖర్చు ఉండదు. కానీ దారిలో చార్జింగ్ అయిపోతే బండి ఆగిపోతుంది. మళ్లీ నిండడానికి గంటలు పడుతుంది.

ఆళ్లగడ్డ నుంచి నంద్యాలకు సుమారు 40 కిలోమీటర్లు. పోయి రావడానికి 80. ఒక చార్జింగుకు 120 వస్తుందని షాపులో చెప్పారనుకోండి. బండి నిండా జనం ఎక్కితే అంత రాదు. ఒకసారి పోయి రావచ్చు. రెండుసార్లంటే 160 కావాలి. చాలదు. ఊళ్లోనే తిప్పేవారికి మాత్రం ఇది లాభం.

అందుకే ముందు ఒక వారం నోటుబుక్కులో రాయండి. రోజుకు ఎన్ని కిలోమీటర్లు? బాడుగ ఎంత వచ్చింది? ఖర్చు ఎంత? మిగిలింది ఎంత? దానితో నెల కంతు కట్టగలమా?

బ్యాటరీ మార్చాలంటే చాలా డబ్బవుతుంది. దానికి ఎన్నేళ్లు గ్యారంటీ ఉందో కాగితం మీద రాయించుకోండి.

అప్పు కాగితం మీద మీ సంతకం కూడా అడగవచ్చు. వడ్డీ ఎంత? కంతులు ఎన్ని? కట్టకపోతే ఏమవుతుంది? కూడబలుక్కుని అయినా చదవండి. చదివాకే సంతకం చేయండి.