పెద్ద ఇంజిన్‌కి పెద్ద కార్బురేటరేనా?

ఒకప్పుడు మన రోడ్లన్నీ ఏలిన మారుతి 800 ఇంజిన్ మొత్తం కలిపి 796 సీసీ. అమెరికాలో షెవ్రోలె కంపెనీ 1970లో తెచ్చిన 454 బిగ్‌బ్లాక్‌లో ఒక్క సిలిండరే 930 సీసీ. అలాంటివి ఎనిమిది, వెరసి 7.4 లీటర్లు. ఫోర్డ్ 460, క్రైస్లర్ 440 కూడా ఈ కోవలోవే. పాత ట్రక్కుల్లోని ఈ ఇనుప దిమ్మెల్ని విప్పి, ఓవర్‌హాలింగ్ చేయించి, యూటా రాతిగుట్టల మీదికో కాలిఫోర్నియా రూబికాన్ దారికో తోలుకెళ్లే సరదా అక్కడ బాగా ఉంది. సరదాతోపాటు అపోహలూ ఉన్నాయి. వాటిలో చాలావరకు డ్రాగ్ రేసుల నుంచి వచ్చినవే. పావు మైలు తిన్నగా దూసుకుపోయే బండికి చెప్పిన వైద్యం, రాయి మీంచి రాయి మీదికి పాకే బండికి చేస్తే వికటిస్తుంది.

అపోహ: ఇంత పెద్ద ఇంజిన్‌కి కనీసం 850 సీఎఫ్ఎం కార్బురేటర్ ఉండాలి.

వాస్తవం: కాగితం, పెన్సిలు తీసుకుంటే తేలిపోయే సంగతిది. సీఎఫ్ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి పోగలదన్న లెక్క. ఇంజిన్ సైజును క్యూబిక్ ఇంచుల్లో తీసుకుని ఆర్పీఎంతో గుణించి, 3456తో భాగించాలి. రాళ్లలో పాకే బండి 4,500 ఆర్పీఎం దాటడం అరుదు. 454కి ఆ వేగంలో 591 వస్తుంది. ఏ సిలిండరూ నిండా గాలి పీల్చుకోలేదు కాబట్టి 85 శాతం వేసుకుంటే దాదాపు 500. అంటే 600, 670 సైజులు దండిగా సరిపోతాయి.

సైజు ఎక్కువైతే నష్టమేంటి? తోటకి నీళ్లు పెట్టేటప్పుడు పైపు మూతి వేలితో నొక్కితే నీళ్లు జోరుగా చిమ్ముతాయి కదా. కార్బురేటర్ గొంతు సన్నబడే చోట గాలీ అలాగే జోరందుకుంటుంది, ఆ ఊపుకి పెట్రోలు తుంపరగా లేస్తుంది. గొంతు మరీ వెడల్పైతే తక్కువ ఆర్పీఎంలో గాలి నీరసంగా నడుస్తుంది, పెట్రోలు సరిగా లేవదు. యాక్సిలరేటర్ తొక్కగానే బండి ఒకసారి తడబడుతుంది. కొండచరియ అంచున అలా తడబడితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

అపోహ: రోడ్డు మీద బాగా నడిచిన కార్బురేటర్ కొండ మీదా నడుస్తుంది.

వాస్తవం: అసలు కథంతా ఇక్కడే ఉంది. కార్బురేటర్ పక్కన ఒక చిన్న తొట్టి, అందులో పెట్రోలు. దానిమీద తేలే ఫ్లోట్ పైకి లేస్తే సూదిలాంటి వాల్వు మూసుకుంటుంది, దిగితే తెరుచుకుంటుంది. సగం నిండిన గిన్నెను వంచి చూడండి. ఒక అంచున నీళ్లు పైకొస్తాయి, రెండో అంచున అడుగు కనిపిస్తుంది. బండి నిటారుగా ఎక్కేటప్పుడు తొట్టిలో జరిగేదీ అదే. ఒకచోట పెట్రోలు మట్టం నాజిల్ కంటే పైకి లేచి, ఎవరూ అడక్కుండానే గొంతులోకి కారుతుంది, ఇంజిన్ మునిగిపోతుంది. ఇంకోచోట పెట్రోలు పీల్చుకునే సన్నటి రంధ్రం, అంటే జెట్, బయటపడి పెట్రోలుకి బదులు గాలి పీలుస్తుంది. పైగా గతుకులకు సూది ఎగిరెగిరి పడుతుంటుంది.

హోలీ కంపెనీ ట్రక్ అవెంజర్ పేరుతో 470, 670, 770 సైజుల్లో చేసిన కార్బురేటర్లు ఈ బాధ కోసమే. సూది వెనక స్ప్రింగ్, జెట్లకు పొడిగింపు గొట్టాలు, తొట్టి గాలిగొట్టాలకు పెట్రోలు పొర్లకుండా ప్రత్యేక అమరిక ఉంటాయి. ఉన్న కార్బురేటరే వాడుకునేవాళ్లకీ దారి ఉంది. పాత పద్ధతి హోలీ తొట్టి పక్కన ఒక చిన్న మర ఉంటుంది. చదునైన నేల మీద ఇంజిన్ ఐడిలింగ్‌లో ఉండగా ఆ మర విప్పితే పెట్రోలు రంధ్రం కింది అంచును తాకుతూ కనిపించాలి, బయటికి ధార కట్టకూడదు. గుట్టలెక్కేవాళ్లు మట్టాన్ని ఇంకాస్త దించుకుంటారు. పంపు ఒత్తిడి కూడా 7 పీఎస్ఐకి మించనివ్వరు, 5 దగ్గర ఉంచుకునేవాళ్లే ఎక్కువ.

అపోహ: క్వాడ్రాజెట్ చెత్త సామాను.

వాస్తవం: జనరల్ మోటార్స్ బళ్లకు 1965 నుంచి వచ్చిన ఈ రోచెస్టర్ కార్బురేటర్‌ని వెక్కిరించడం అక్కడ ఒక ఫ్యాషన్. నా ఓటు మాత్రం దీనికే. ముందు గొంతులు రెండూ చిన్నవి, వెనకవి రెండూ చాలా పెద్దవి. సైజు 750 అయినా నెమ్మదిగా పోయేటప్పుడు చిన్న గొంతులే పనిచేస్తాయి. తొట్టి ఒక్కటే, అదీ చిన్నది, నడిమధ్యన ఉంటుంది కనుక వాలుకి అంతగా బెదరదు. చెడ్డపేరు అడుగున కారే బిరడాల వల్లా, ఏళ్లు గడిచేకొద్దీ పెట్రోలు పీల్చి బరువెక్కే ఫ్లోట్ వల్లా వచ్చింది. ఫ్లోట్ మార్చి, బిరడాల మీద ఎపాక్సీ పూస్తే ఆ గొడవ వదిలిపోతుంది.

అపోహ: బోర్ చేయిస్తే పవర్ బాగా పెరుగుతుంది.

వాస్తవం: 454ని 30 థౌ, అంటే 0.030 అంగుళం బోర్ చేస్తే అది 460 అవుతుంది. పెరిగింది నూటికి ఒకటిన్నర లోపే. బోర్ చేసేది అరిగిన సిలిండర్‌ని మళ్లీ గుండ్రం చేయడానికి. గోడ ఎంత పలచబడితే వేడి అంత బాధిస్తుంది. అరుగుదల పోయేంతవరకే తీయించి ఊరుకోండి.

అపోహ: క్యామ్ కొత్తది వేశాం, ట్యాపెట్లు బాగానే ఉన్నాయి కదా, పాతవే పెట్టేద్దాం.

వాస్తవం: వేల డాలర్ల పని అరగంటలో మట్టిపాలయ్యేది ఇలాగే. క్యామ్ మీద ఆని వాల్వుని లేపేది ట్యాపెట్. ఫ్లాట్ ట్యాపెట్ అన్న పేరు నమ్మకండి, దాని అడుగు చదును కాదు. రెండు కొత్త ట్యాపెట్లను అడుగూ అడుగూ ఆనించి వెలుతురుకి పట్టుకుంటే అంచుల్లో సన్నటి వెలుగు కనిపిస్తుంది, ఒకదానిమీద ఒకటి కాస్త ఊగుతాయి. ఆ ఉబ్బు వల్లా, క్యామ్ లోబ్ ఏటవాలు వల్లా ట్యాపెట్ తనలో తాను తిరుగుతూ అరుగుదలను పంచుకుంటుంది. వాడినవాటి ఉబ్బు అరిగిపోయి ఉంటుంది. కొత్త క్యామ్ మీద అవి తిరగకపోతే లోబ్ నున్నగా అరిగిపోయి, ఆ ఇనుప రజను ఆయిల్‌తో బేరింగుల్లోకి చేరుతుంది.

కొత్త ట్యాపెట్లకైనా మొదటి స్టార్ట్ గండమే. స్టార్ట్ అవగానే ఐడిలింగ్‌లో వదలకుండా 2,000–2,500 ఆర్పీఎంలో ఇరవై, ముప్పై నిమిషాలు నడపాలి. ఆయిల్‌లో జింక్ పాళ్లు ఎక్కువుండాలి. ఇప్పటి కార్ల ఆయిల్లో అది తగ్గించేశారు. సెల్ఫ్ కొడుతూ కూర్చోకుండా తొట్టిలో ముందే పెట్రోలు నింపుకోవాలి, ఆయిల్ పంపుని డ్రిల్లుతో తిప్పి బేరింగులు తడపాలి. 1996లో వచ్చిన 7.4 వోర్టెక్‌లో రోలర్ ట్యాపెట్లున్నాయి, ఆ ఇంజిన్ ఉన్నవాళ్లకి ఈ బెంగ లేదు.

అపోహ: 1972 తర్వాతవి చచ్చు ఇంజిన్లు.

వాస్తవం: కంప్రెషన్ తగ్గిన మాట నిజమే. అంకెలు అంతగా పడిపోవడానికి కొలత మారడమూ కారణం. 1971లో ఒకే 454కి పాత కొలతలో 365, కొత్త కొలతలో 285 హార్స్‌పవర్ రాశారు. ఇంజిన్ అదే!

అసలు కార్బురేటరే తీసేసి ఇంజెక్షన్ కిట్ వేసుకుంటే వాలు బాధే ఉండదు కదా అంటే, ఉండదు, ఒప్పుకోవాల్సిందే. ఖర్చు పెట్టగలిగితే వేసుకోండి. కాలిఫోర్నియాలో ఉండే మనవాళ్లు ఇంకో మాట గుర్తుంచుకోవాలి. అక్కడ 1976 నుంచి వచ్చిన పెట్రోలు బళ్లకు స్మాగ్ పరీక్ష ఉంది, అనుమతి లేని కార్బురేటర్ బిగిస్తే పాస్ కాదు. ఏదైనా సరే, కొత్తది కొనడానికి పర్సు తీసే ముందు, ఆ తొట్టి పక్క మర ఒకసారి విప్పి మట్టం చూసుకోండి.