షుగరు పడిపోయినప్పుడు ముందు పంచదార, తర్వాతే మిగతావి



షుగరు వ్యాధి అనగానే మనకు షుగరు పెరగడమే గుర్తుకొస్తుంది. ఏం తింటే తగ్గుతుంది, ఏ ఆకు నమిలితే తగ్గుతుంది అని ఓపీలో రోజూ అడుగుతారు. తగ్గిపోతే ఏం చేయాలమ్మా అని అడిగేవారు చాలా తక్కువ. పెరిగిన షుగరు ఏళ్ల తరబడి లోలోపల హాని చేస్తుంది. పడిపోయిన షుగరు అంతకాలం ఆగదు, నిమిషాల్లోనే మనిషిని పడగొడుతుంది.

ఆ మధ్య ఒక తెల్లవారుజామున అరవై ఏళ్లు దాటిన ఒక అమ్మను ఆటోలో తీసుకొచ్చారు. ఒళ్లంతా చెమటతో చీర తడిసిపోయింది. పిలిస్తే పలకడం లేదు. వెంట వచ్చినవారిలో ఒకరు పక్షవాతం అన్నారు, ఒకరు గాలి సోకిందన్నారు. వేలి నుండి చుక్క రక్తం తీసి చూస్తే షుగరు 34 ఉంది. నరానికి గ్లూకోజు ఎక్కించాక కొద్దిసేపటికే కళ్లు తెరిచి, "నన్నిక్కడికెందుకు తెచ్చారే?" అని కోడలిని అడిగింది. విచారిస్తే తెలిసిందేమిటంటే, ఎవరో చెప్పారని వారం రోజులుగా పరగడుపున కాకరకాయ రసం తాగుతోంది. రాత్రి అన్నం మానేసింది. ముందురోజు రాత్రి నీరసంగా ఉందని పుల్కా కూడా ముట్టలేదు. షుగరు మాత్ర మాత్రం మానకుండా వేసుకుంది!

మన మెదడుకు ముఖ్యమైన ఆహారం రక్తంలోని గ్లూకోజే. అది 70 మిల్లీగ్రాముల కంటే తగ్గితే శరీరం హెచ్చరిస్తుంది. చేతులు వణకడం, చల్లని చెమట, గుండెదడ, విపరీతమైన ఆకలి, పెదవుల చుట్టూ తిమ్మిరి కలుగుతాయి. ఇంకా తగ్గితే చూపు మసకబారుతుంది, మాట తడబడుతుంది, కారణం లేకుండా కోపం వస్తుంది. అందుకే కొందరిని తాగి ఉన్నారని పొరబడతారు. చివరకు ఫిట్స్ రావచ్చు, స్పృహ తప్పవచ్చు. నిద్రలో అయితే పీడకలలు వస్తాయి, పక్కబట్టలు తడిసేలా చెమట పడుతుంది, ఉదయం తలనొప్పితో లేస్తారు. బీపీకి, గుండెకు వాడే అటెనొలాల్ వంటి మాత్రలు వేసుకునేవారికి వణుకు, దడ తెలియకపోవచ్చు. వారు చెమటను గుర్తుగా పెట్టుకోవాలి.

ఆకులు, రసాల సంగతి

కాకర, మెంతులు, పొడపత్రి, నేరేడు గింజల పొడి, ఇవన్నీ మనవాళ్లు షుగరు తగ్గడానికి వాడేవి. పడిపోయిన షుగరును ఇవి పైకి తేలేవు. పైగా ఇన్సులిన్ గానీ, గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వాడుతూ వీటిని కూడా తీసుకుంటే షుగరు మరింత పడిపోవచ్చు. కాకరకాయ కూర వండుకుని అన్నంతో తింటే భయపడనక్కర లేదు. కానీ రసాలు, పొడులు రోజూ మందులా తీసుకునేవారు ఆ మాట డాక్టరు గారికి తప్పక చెప్పాలి. "ప్రకృతి మందే కదా, చెప్పేదేముంది" అని చాలామంది దాస్తారు. మాకు తెలిస్తే తిట్టం, మందు మోతాదు సరిచూస్తాం, అంతే.

షుగరు పడిపోయినప్పుడు అసలైన ఇంటి వైద్యం పోపుల డబ్బా పక్కనే ఉంది. మూడు చెంచాల పంచదార అరగ్లాసు నీళ్లలో కలిపి తాగాలి. లేదా మూడు చెంచాల గ్లూకోజు పొడి, లేదా ఒక పెద్ద చెంచా తేనె, లేదా అరగ్లాసు పండ్లరసం. ఏదీ లేకపోతే చిన్న నిమ్మకాయంత బెల్లం ముక్క నమలాలి. పదిహేను నిమిషాలు ఆగి మళ్లీ పరీక్ష చేసుకోవాలి. మీటరు లేకపోతే లక్షణాలు తగ్గాయేమో చూడాలి. తగ్గకపోతే అంతే పంచదార మళ్లీ తీసుకోవాలి. చాక్లెట్టు, లడ్డూ దీనికి పనికిరావు. వాటిలోని కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ మాత్రలు వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు, వారు గ్లూకోజు పొడి దగ్గర ఉంచుకోవాలి.

తేరుకోగానే పనికి పరుగెత్తకండి. భోజనానికి ఇంకా సమయముంటే రెండు ఇడ్లీలో, పాలు, బిస్కెట్లో, కాస్త పెరుగన్నమో తినాలి. పంచదార బలం కాసేపే ఉంటుంది. నేను పైన చెప్పిన అమ్మకు ఆ మధ్యాహ్నమే షుగరు మళ్లీ పడిపోయింది, ఎందుకంటే మాత్ర ప్రభావం ఇంకా ఒంట్లోనే ఉంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారిలో ఇది మరీ ఎక్కువసేపు ఉంటుంది. అందుకే మాత్రల వల్ల షుగరు బాగా పడిపోయినవారు తేరుకున్నా సరే ఆసుపత్రికి రావాలి.

స్పృహ లేనివారి నోట్లో ఏమీ పోయకండి. ప్రేమతో పోసిన పంచదార నీళ్లే ఊపిరితిత్తుల్లోకి పోయి ప్రాణం తీయగలవు. ఫిట్స్ వస్తుంటే చేతిలో తాళాలు పెట్టడం, పళ్ల మధ్య చెంచా దూర్చడం వద్దు. ఎడమ పక్కకు తిప్పి పడుకోబెట్టి వెంటనే 108కి ఫోను చేయండి.

పడిపోకుండా ఉండాలంటే

ఏం తింటున్నామన్న దానికంటే ఏ వేళకు తింటున్నామన్నది ఇక్కడ ముఖ్యం. మాత్ర వేసుకుని, ఇన్సులిన్ పొడుచుకుని టిఫిన్ ఆలస్యం చేయకూడదు. అన్నం పూర్తిగా మానేయవద్దు. కొలతగా పెట్టుకుని పప్పు, ఆకుకూర, గుడ్డు వంటివి కలిపి తింటే షుగరు నిదానంగా పెరిగి నిదానంగా తగ్గుతుంది. నాట్లకు, కోతలకు వెళ్లే రోజున మామూలు కంటే ఒళ్లు ఎక్కువ అలుస్తుంది కాబట్టి మధ్యలో తినడానికి ఏదైనా మూటగట్టుకోండి, కొంగున బెల్లం ముక్క కట్టుకోండి. ఖాళీ కడుపున కల్లు, సారా తాగితే షుగరు వ్యాధి లేనివారికి కూడా పడిపోవచ్చు.

శ్రమదినాల్లో ఉపవాసం ఉండి, మధ్యాహ్నం ఒంటిగంట వరకు ఆరాధనలో కూర్చుని అక్కడే ఒరిగిపోయినవారిని చూశాను. రంజాను, శనివారం ఉపవాసాలు చేసేవారిదీ ఇదే పరిస్థితి. ఉపవాసం ఉండదలచినవారు కొన్ని రోజుల ముందే డాక్టరు గారిని కలవండి. కొందరికి మోతాదు, వేళ మార్చి ఇస్తారు, కొందరిని వద్దంటారు. ఉపవాసంలో ఉండగా వణుకు, చెమట వస్తే ఆ క్షణమే పంచదార నోట్లో వేసుకోవాలి. సాయంత్రం దాకా ఓర్చుకుందామనుకోవద్దు.

వారంలో రెండుసార్లు పడిపోయిందంటే మందు ఎక్కువైందనే అనుమానించాలి. మీ అంతట మీరు మానేయకుండా, వాడుతున్న మాత్రల అట్టలు, ఇన్సులిన్ సీసా, సిరంజి, పొడుల డబ్బాలు అన్నీ సంచిలో వేసుకుని ఓపీకి రండి.