జ్ఞాపకశక్తి మాత్రలకూ పరీక్ష

పరీక్షల కాలం సమీపించగానే జ్ఞాపకశక్తిని పెంచుతాయని చెప్పే మాత్రలు, లేహ్యాలు, టానిక్కుల ప్రకటనలు విద్యార్థులను, తల్లిదండ్రులను ఆకర్షిస్తాయి. "నెల రోజులు వాడాను, చదివినదంతా గుర్తుంటోంది" అని చెప్పేవారూ ఉంటారు. వారు అబద్ధమాడుతున్నారని కాదు. అయితే ఆ మార్పు మాత్ర వల్లనే కలిగిందా అన్నది వేరొక ప్రశ్న.

ఈ సందేహానికి తగిన కారణాలున్నాయి. మాత్ర వేసుకొన్న విద్యార్థి ఆ నెలలో చదువుపై మరింత శ్రద్ధ వహించి ఉండవచ్చు. మేలు జరుగుతుందన్న నమ్మకమే అతనికి ధైర్యాన్ని కలిగించి ఉండవచ్చు. పైగా ఒకే తరహా పరీక్షను రెండవసారి రాసేటప్పుడు మొదటిసారి పొందిన అనుభవం అక్కరకు వస్తుంది. ఈ మూడింటి ఫలితమూ చివరకు మాత్ర ఖాతాలోనే చేరిపోతుంది.

అందుచేత శాస్త్రజ్ఞులు పరిశోధనలో పాల్గొనేవారిని రెండు జట్లుగా విభజిస్తారు. ఎవరు ఏ జట్టులో ఉండాలో చీట్లు తీసినట్లుగా యాదృచ్ఛికంగా నిర్ణయిస్తారు. ఎంపికను వారి ఇష్టానికే వదిలితే శ్రద్ధ గలవారంతా ఒకవైపే చేరవచ్చు. ఒక జట్టుకు అసలు మాత్రను, రెండవ జట్టుకు చూడటానికి అలాగే ఉండి మందు లేని మాత్రను ఇస్తారు. ఈ రెండవదానిని ప్లాసిబో అంటారు. ఎవరికి ఏది అందిందో వేసుకొనేవారికీ తెలియదు, పరీక్షించేవారికీ తెలియదు. ఈ ఏర్పాటుకు డబుల్ బ్లైండ్ పద్ధతి అని పేరు.

ఈ పద్ధతి ఎంత అవసరమో అమెరికాలో జరిగిన ఒక పరిశోధన తెలుపుతుంది. దాని ఫలితాలు 2023లో వెలువడ్డాయి. 60 ఏళ్లు, అంతకు పైబడిన 3,562 మంది అందులో పాల్గొన్నారు. వారికి కంప్యూటర్ తెరపై 20 పదాలను ఒకదాని తరువాత ఒకటిగా చూపి, గుర్తున్నవాటిని వెంటనే టైపు చేయమన్నారు. ఏడాది పాటు మల్టీవిటమిన్ మాత్రలు వాడిన జట్టు సగటు 7.10 పదాల నుండి 7.81కి పెరిగింది. ఈ ఒక్క అంకెనే చూస్తే మెరుగుదల అంతా మాత్రదే అనిపిస్తుంది. కాని ప్లాసిబో జట్టు సగటు కూడా 7.21 నుండి 7.65కి పెరిగింది! అంటే మెరుగుదలలో సగానికి పైగా మందు లేకుండానే వచ్చింది. మాత్రకు దక్కవలసిన వాటా సుమారు పావు పదం మాత్రమే. ఇంత తేడా కాకతాళీయంగా రావడం అరుదని గణాంకాలు చూపాయి. కావున మేలు నిజమే కావచ్చు, కాని అది స్వల్పం.

కొన్నిసార్లు ఆ స్వల్ప ప్రయోజనం కూడా కనిపించదు. గింకో బైలోబా అనే చెట్టు ఆకుల సారం జ్ఞాపకశక్తిని కాపాడుతుందని ఎందరో విశ్వసించారు. అమెరికాలోనే 75 ఏళ్లు, అంతకు పైబడిన 3,069 మందిని సుమారు ఆరేళ్లపాటు పరిశీలించి, 2008లో ఫలితాలను ప్రకటించారు. గింకో తీసుకొన్న 1,545 మందిలో 277 మందికి, ప్లాసిబో తీసుకొన్న 1,524 మందిలో 246 మందికి డిమెన్షియా అనే మతిమరుపు వ్యాధి సోకినట్లు తేలింది. గింకో ఆ వ్యాధిని నివారించలేకపోయింది.

ఈ రెండు పరిశోధనలూ వృద్ధులపై జరిగినవని గమనించాలి. వాటి ఫలితాలను పదిహేడేళ్ల విద్యార్థులకు యథాతథంగా అన్వయించరాదు. మీ వయసుకు దగ్గరివారైన కళాశాల విద్యార్థులపై జరిగిన ఒక ప్రయోగం ఫలితాలు 2006లో అమెరికాలో ప్రచురితమయ్యాయి. పాఠాన్ని మళ్లీ చదివినవారికి వారం తరువాత 42 శాతం గుర్తుండగా, పుస్తకం మూసి తమకు తాము గుర్తుచేసుకొని రాసినవారికి 56 శాతం గుర్తుంది. దీనికి ఖర్చు లేదు, డబ్బా అవసరమూ లేదు.

ఇకపై జ్ఞాపకశక్తి మాత్ర ప్రకటన కనబడితే మూడు ప్రశ్నలు వేయండి. ఎవరితో పోల్చి చూశారు? ఏ వయసువారిపై, ఎంతమందిపై పరీక్షించారు? మేలు ఎంత? వీటికి సమాధానం లేని ప్రకటనను నమ్మి తల్లిదండ్రుల కష్టార్జితాన్ని వెచ్చించడం వివేకం కాదు.