వీపు బలానికి బార్‌బెల్.. రెండు వ్యాయామాలు చాలు!

జిమ్‌లో చేరిన కొత్తలో చాలామంది దృష్టి అద్దంలో కనిపించే ఛాతీ, చేతుల మీదే ఉంటుంది. కనిపించని వీపు వంతు చివరికి వస్తుంది. ఇంకొందరు మొదటి వారంలోనే బరువైన డెడ్‌లిఫ్ట్‌కు దిగి, నడుం పట్టేసిందంటూ ఓపీకి వస్తుంటారు. ‘బరువులు ఎత్తితే నడుం పోతుందా?’ అని అడిగితే జవాబు ఒక్కటే. వంగిన వీపుతో, మోయలేని బరువు ఎత్తితేనే ముప్పు. పద్ధతిగా చేస్తే బార్‌బెల్ మీ నడుంకు మేలే చేస్తుంది.

వీపంటే ఒక్క కండరం కాదు

మెడ నుంచి వీపు మధ్య వరకు పరుచుకున్నది ట్రెపీజియస్. దాని అడుగున ఉండి, భుజాల వెనక రెక్క ఎముకలను దగ్గరకు లాగేవి రాంబాయిడ్లు. చంకల కింది నుంచి నడుం దాకా విస్తరించినవి లాట్స్. వెన్నెముకకు రెండు పక్కలా తాళ్లలా ఉండి, మనల్ని నిటారుగా నిలిపేవి ఎరెక్టర్ కండరాలు. వీటన్నిటికీ పదిరకాల కసరత్తులు అక్కర్లేదు. బరువును ఒంటివైపు లాగేది ఒకటి, నడుం నిలిపి పైకి లేచేది ఒకటి ఉంటే చాలు.

లాగడానికి.. బెంట్ ఓవర్ రో

మోకాళ్లు కాస్త వంచి, పిరుదులు వెనక్కి నెట్టి, ఛాతీ నేలవైపు వచ్చేలా ముందుకు వంగండి. వీపు బల్లలా చదునుగా ఉండాలి. బార్‌ను బొడ్డు దగ్గరకు లాగి, నెమ్మదిగా దించండి. ఒళ్లు ఊపుతూ లాగుతున్నారంటే బరువు ఎక్కువైనట్టే. వంగి నిలబడటం కష్టమైతే సీటెడ్ రో మెషీన్‌తో మొదలుపెట్టొచ్చు.

లేవడానికి.. రొమేనియన్ డెడ్‌లిఫ్ట్

కొత్తవారికి మామూలు డెడ్‌లిఫ్ట్ కన్నా ఇది నయం. బార్‌ను నేల మీద నుంచి కాకుండా, తొడల ఎత్తులో ఉన్న స్టాండ్ నుంచి తీసుకోవాలి. పిరుదులు వెనక్కి నెడుతూ, బార్‌ను తొడలకు ఆనించి మోకాళ్ల కింది వరకు దించి, మళ్లీ నిలబడాలి. వీపు గుండ్రంగా వంగబోతోందనిపిస్తే అక్కడే ఆగండి.

నేల మీది నుంచి ఎత్తే డెడ్‌లిఫ్ట్‌లో చాలామంది గమనించని సంగతి ఒకటుంది. పెద్ద ప్లేట్ల వ్యాసం 45 సెంటీమీటర్లు. కాబట్టి బార్ నేలకు సుమారు 22 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కొత్తవారు వాడే చిన్న ప్లేట్లతో అది ఇంకా కిందికి పోతుంది. దాన్ని అందుకోవడానికి వీపు వంగుతుంది. ప్లేట్ల కింద దిమ్మెలు పెట్టి ఎత్తు పెంచుకోండి.

ఎంత బరువు? ఎన్నిసార్లు?

పెద్ద బార్ ఒక్కటే 20 కిలోలుంటుంది. తొలి రోజుల్లో అదే ఎక్కువ. చాలామంది మహిళలు తేలికైన రాడ్‌తో మొదలుపెట్టడం మేలు. వారానికి రెండు రోజులు, 8 నుంచి 10 సార్లు చొప్పున రెండు మూడు సెట్లు చేయండి. చివరిసారి కూడా వీపు చెదరకుండా చేయగలిగితేనే బరువు పెంచండి. అదీ రెండున్నర కిలోల చొప్పున. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబడితే బీపీ ఒక్కసారిగా పెరుగుతుంది. పైకి లేస్తూ గాలి వదలండి.

ముందు డాక్టర్‌ను కలవాల్సినవారు

అదుపులో లేని బీపీ, గుండెజబ్బు, హెర్నియా, ఎముకల గుల్లదనం ఉన్నవారు, గతంలో డిస్క్ సమస్య వచ్చినవారు సలహా లేకుండా మొదలుపెట్టొద్దు. మధుమేహంతో కంటి రెటీనా దెబ్బతిన్నవారు బరువులెత్తితే కంట్లో రక్తస్రావమయ్యే ముప్పుంది. ముందు కంటి పరీక్ష చేయించుకోండి.

వ్యాయామం చేశాక రెండు మూడు రోజులు కండరాలు పట్టేసినట్టుండటం మామూలే. నొప్పి పిరుదు నుంచి కాలిలోకి పాకినా, తిమ్మిర్లు వచ్చినా వ్యాయామం ఆపి డాక్టర్‌ను కలవండి. పాదం బలహీనపడినా, మూత్రం మీద అదుపు తప్పినా, మలద్వారం చుట్టూ మొద్దుబారినా మర్నాటి దాకా ఆగొద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఇలాంటప్పుడు గంటలు కూడా విలువైనవే.