కొట్టివేసిన ధర: సేలు రోజుల్లో దుకాణాల అద్దాలు

డిసెంబరు నెలంతా న్యూయార్క్ ఫిఫ్త్ ఎవెన్యూలోనూ, లండన్ ఆక్స్‌ఫర్డ్ స్ట్రీట్‌లోనూ పెద్ద దుకాణాల అద్దాల వెనక మంచు కురుస్తుంది, బొమ్మరైళ్ళు తిరుగుతాయి, ఎలుగుబంట్లు తలలూపుతాయి. పిల్లల్ని భుజాల మీద ఎక్కించుకొని జనం గుంపులుగా నిలబడి చూస్తారు. పండగ దాటిందో లేదో, అటువంటి అద్దాల మీదనే ఎర్రటి కాగితం పడుతుంది. దాని మీద నిలువెత్తు తెల్లటి అక్షరాల్లో ఒకే మాట: సేల్. లోపలి సరుకు చూపించడానికే పుట్టిన అద్దానికి ముసుగు వేసి, ఆ ముసుగుతోనే జనాన్ని పిలవడం ఒక వింత. ఈ రెండు అలంకరణల్లో దేనిలో నాటకం ఎక్కువ అని అడిగితే, రెండవదానిలోనేనని నా అభిప్రాయం.

మొదటి రకానికి శాస్త్రం రాసినవారిలో ముఖ్యుడు మనలో చాలామందికి మరో కారణంగా తెలిసినవాడే. ఎల్. ఫ్రాంక్ బామ్ డకోటాలో నడిపిన దుకాణం 1890లో మూతపడింది. తరువాత షికాగో చేరి, 1897లో ‘ది షో విండో’ అనే పత్రిక మొదలుపెట్టాడు. మరుసటి ఏడు అద్దాలు అలంకరించే పనివారికి ఒక జాతీయ సంఘాన్ని ఏర్పాటు చేశాడు. 1900లో ఈ విద్య మీద అతని పుస్తకం వెలువడింది; అదే ఏడాది ‘ది వండర్‌ఫుల్ విజర్డ్ ఆఫ్ ఆజ్’ కూడా. ఉన్న సరుకంతా అద్దం వెనక కుప్ప పోయడం వ్యాపారులకు అలవాటుగా ఉన్న కాలంలో, వెలుతురునూ కదలికనూ కనికట్టునూ వాడి దారిన పోయేవాడి కాలు ఆపాలని అతడు బోధించాడు. తెర వెనక దాక్కొని యంత్రాలతో, గొంతుతో లోకాన్ని భ్రమింపజేసే ఆ మాంత్రికుడి పాత్ర ఎక్కడి నుంచి వచ్చి ఉంటుందో ఊహించడం కష్టం కాదు.

షికాగోలోని మార్షల్ ఫీల్డ్ దుకాణంలో పని నేర్చిన హ్యారీ గోర్డన్ సెల్ఫ్రిడ్జ్ 1909 మార్చిలో ఈ పద్ధతిని లండన్‌కు తెచ్చాడు. అతని దుకాణం మూసిన తరువాత కూడా అద్దాల వెనక దీపాలు వెలిగేవి. 1938 క్రిస్మస్‌కు న్యూయార్క్‌లోని లార్డ్ అండ్ టేలర్, అమ్మే సరుకు ఏదీ లేకుండా ఊగే గంటలను మాత్రమే చూపించింది. మరుసటి మార్చిలో బాన్‌విట్ టెల్లర్ దుకాణానికి సాల్వడార్ డాలీ చేసిన అలంకరణను యాజమాన్యం అతనికి చెప్పకుండా మార్చింది. కోపంతో అతడు లోపలి స్నానపు తొట్టెను తోశాడు. తొట్టె అద్దాన్ని పగలగొట్టింది, దానితోపాటు అతడూ బయట పడ్డాడు, పోలీసులు పట్టుకెళ్ళారు. అద్దం వెనక ఉన్నది కళా, సరుకా అన్న తగవు అలా అక్షరాలా వీధిన పడింది.

ఈ వైభవంలో ధర ఎప్పుడూ ముందుకు రాదు. సేలు రోజుల్లో ధర తప్ప మరేదీ ముందుకు రాదు. చేత్తో గీసినట్టున్న అక్షరాలు, అడ్డదిడ్డంగా అంటించిన కాగితాలు, బట్టలు తీసేసిన బొమ్మలు. దీన్ని బద్ధకం అనుకోరాదు. ఖర్చు పెట్టి అలంకరిస్తే తగ్గింపు మాట నమ్మబుద్ధి కాదు. అలంకరించే తీరిక కూడా లేదు, సరుకు వదిలించుకుంటున్నాం అని ఆ మోటుతనం చెబుతుంది. 2000 తర్వాతి దశాబ్దంలో సెల్ఫ్రిడ్జెస్ ఇంకో అడుగు ముందుకేసి, తన సేలు ప్రకటనలకు అమెరికన్ కళాకారిణి బార్బరా క్రూగర్‌ను పిలిచింది. కొనుగోలు వ్యామోహాన్ని ఎత్తిపొడిచే నినాదాలకు పేరు పొందిన మనిషి ఆమె. ఆ ఎత్తిపొడుపునే దుకాణం తన ప్రకటన చేసుకుంది.

అయితే అసలు కనికట్టు అక్షరాల్లో లేదు, కొట్టివేసిన అంకెలో ఉంది. 60 అన్న ధర ఒంటరిగా ఉంటే అది ఎక్కువో తక్కువో తేల్చుకోలేము. పక్కన గీత పడ్డ 100 ఉంటే మనసు వెంటనే 40 లాభం లెక్క వేసుకుంటుంది. ఆ 100కు ఎవరైనా ఎప్పుడైనా అమ్మారా? అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 1964లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ ప్రశ్ననే వేశాయి: పాత ధర అని చెప్పేది చెప్పుకోదగిన కాలం పాటు నిజాయితీగా అమ్మకానికి పెట్టిన ధరై ఉండాలి. ‘చెప్పుకోదగిన కాలం’ ఎంతో చెప్పలేదు. ఐరోపా సమాఖ్య 2022 మే నుంచి దానికి లెక్క కట్టింది. సాధారణంగా, తగ్గింపుకు ముందు 30 రోజులలో పలికిన అతి తక్కువ ధరే పాత ధర. 60 యూరోల కోటును సేలుకు వారం ముందు 100 చేసి, ఆపైన 65కు దించి, 35 శాతం తగ్గించామని రాయడం ఈ లెక్కన చెల్లదు. అది 5 యూరోల పెంపు. పాత ధరను చిన్న అక్షరాల్లో సరిగ్గానే చూపించి, శాతాన్ని మాత్రం మరో ధర మీద కట్టవచ్చా అన్న వివాదం ఆల్డీ దుకాణాల విషయంలో తలెత్తగా, ఐరోపా న్యాయస్థానం 2024 సెప్టెంబరులో కూడదని తేల్చింది. ఫ్రాన్సులో సేలు రోజులనే ప్రభుత్వం నిర్ణయిస్తుంది: ఏడాదికి రెండుసార్లు, నాలుగేసి వారాలు.

ఇంత చట్టం అవసరమా, దుకాణాలే ఈ ఆట మానేస్తే సరిపోదా అంటే, ఆ ప్రయోగమూ జరిగింది. 2012లో జె.సి. పెన్నీ అధిపతిగా ఉన్న రాన్ జాన్సన్ నిత్యపు సేళ్ళనూ కూపన్లనూ చాలావరకు ఎత్తివేసి, ఏడాది పొడుగునా తక్కువ ధరే ఉంటుందని ప్రకటించాడు. ఆ ఏడాది అమ్మకాలు దాదాపు నాలుగో వంతు పడిపోయాయి. 2013 ఏప్రిల్‌లో అతని పదవి పోయింది. ఈ కథను జనం అమాయకత్వానికి ఉదాహరణగా చెబుతారు. నాకు అలా తోచదు. కొట్టివేసిన ధర అబద్ధమైనా అది ఒక కొలత. కొలత తీసేస్తే కొనేవారికి పట్టుకోవడానికి ఏమీ మిగలదు.

తెలుగు ఊళ్ళలో ఈ ఋతువు ఆషాఢంలో వస్తుంది. పెళ్ళిళ్ళకు మంచి రోజులు కాని నెల, బట్టల వ్యాపారానికి వట్టి నెల. శ్రావణంలో కొత్త సరుకు దిగేలోగా పాతది పోవాలి. ఆ విధంగా అశుభమాసం చీరలకు శుభమాసమైంది. ఇక్కడ కొట్టివేసిన ధర స్థానంలో తరచు కనిపించేది గరిష్ఠ చిల్లర ధర. అది అంతకు మించి అమ్మరాదన్న హద్దు మాత్రమే, ఆ ధరకు నిన్నటిదాకా అమ్మారన్న సాక్ష్యం కాదు. భాష కూడా వ్యాపారికి కొంత సాయం చేస్తుంది. ఇంగ్లీషులో ‘అప్ టు’ అంకెకు ముందు వస్తుంది. ఎంత చిన్నగా రాసినా చదివే వరుసలో అదే మొదటిది. తెలుగులో ‘వరకు’ అంకె తరువాత వస్తుంది. 70 శాతాన్ని అద్దం నిండా రాసి, ఆ పక్కన స్తంభం చాటుకు పోయే అంచులో ‘వరకు’ అని చేర్చినా వ్యాకరణం తప్పదు.